వైరల్ లోడ్ తీసే రోజే కొలెస్ట్రాల్ కూడా చూడండి: రెండు రాష్ట్రాల ఎయిడ్స్ నియంత్రణ సంస్థలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థల ప్రాజెక్ట్ డైరెక్టర్ గార్లకు,

నమస్కారం.

హెచ్ఐవీ మందులు (ఏఆర్‌టీ) ఇచ్చే ఏ సెంటర్‌లో పేషెంట్ల వివరాలు రాసే వైట్ కార్డుల కట్ట విప్పినా ఇలాంటి కార్డు ఒకటి చేతికి తగులుతుంది. వయసు 52. మందులు మొదలై పదిహేనేళ్లు. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 600 పైన, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) పరీక్షకు అందనంత తక్కువ. మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చి పంపేంత నిలకడ. కార్డంతా తిరగేసినా ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎంతో, నడుము కొలత ఎంతో, బీడీ తాగుతాడో లేదో మాత్రం చాలాసార్లు దొరకదు. ఆ మనిషి రేపు గుండెపోటుతో పోతే ఆ చావు మన వైఫల్యంగా ఎక్కడా లెక్కకు రాదు.

మేం అడిగేది పెద్ద పథకం కాదు. ఏడాదికోసారి వైరల్ లోడ్‌కు రక్తం తీసేటప్పుడే ఇంకో ట్యూబు తీసి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులైన అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ మాత్రలను ఏఆర్‌టీ ఫార్మసీలోనే ఉంచండి. ఏ హెచ్ఐవీ మందు పక్కన ఏ కొలెస్ట్రాల్ మాత్ర ఎంత మోతాదులో ఇవ్వాలో ఒక పేజీలో రాసి ప్రతి సెంటర్ గోడకు అంటించండి. ఈ మూడూ ఎందుకో, ఎలాగో వివరంగా రాస్తున్నాం.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మొదటి విడత ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో ముప్పై ఏళ్ల వయసులో స్టావుడిన్ అనే పాత హెచ్ఐవీ మాత్ర అందుకున్నవాళ్లు ఇప్పుడు యాభై దాటారు. 2021 జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్ఐవీతో బతుకుతున్నవారు 3 లక్షల పైచిలుకు, దేశంలో మహారాష్ట్ర తర్వాత రెండో స్థానం. తెలంగాణలో లక్షన్నర చుట్టూ. ఇంతమంది ఒక్కసారిగా గుండెజబ్బుల వయసులోకి నడుస్తున్నారు. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే ఐదారేళ్లు ముందే వస్తుందని 2004 నాటి ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపించింది. హెచ్ఐవీ ఆ ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుంది.

రక్తంలో కొవ్వు మారడానికి తప్పంతా మందులదే అనుకోవడం మొదటి పొరపాటు. మందులు మొదలుపెట్టకముందే వైరస్ కొవ్వు లెక్కను తారుమారు చేస్తుంది. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ పడిపోతుంది, మొత్తం కొలెస్ట్రాల్, చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ కూడా తగ్గుతాయి, జబ్బు ముదిరేకొద్దీ ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. మందులు పడ్డాక మనిషి కోలుకుంటాడు, దానితోపాటే ఎల్‌డీఎల్ కూడా జబ్బుకు ముందున్న స్థాయికి చేరుతుంది. అంటే ఆరు నెలల తర్వాత కనిపించే పెరుగుదలలో కొంత ఆరోగ్యం తిరిగొచ్చిన గుర్తు, కొంత మందు ప్రభావం. రెండింటినీ విడదీయాలంటే మందు మొదలుపెట్టిన రోజు లెక్క చేతిలో ఉండాలి. ఆ మొదటి లెక్క లేకనే చాలాచోట్ల తర్వాత వాదులాటలు.

మందుల సంగతి ఒక్కొక్కటిగా చూస్తే తేడాలు చాలా ఉన్నాయి. స్టావుడిన్ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీసి బుగ్గల్లో, చేతుల్లో, కాళ్లలో కొవ్వు కరిగించేసింది, ట్రైగ్లిజరైడ్లను పెంచింది. మందు ఆపినా ఆ లోతు బుగ్గలు పూర్తిగా నిండవు. పాత పేషెంట్లను వీధిలో చూడగానే జనం గుర్తుపట్టేది వాటివల్లే. ఎఫావిరెంజ్ మొత్తం కొలెస్ట్రాల్‌నూ ట్రైగ్లిజరైడ్లనూ కొంత పెంచుతుంది, హెచ్‌డీఎల్‌ను కూడా కాస్త పెంచుతుంది. నెవిరాపిన్ హెచ్‌డీఎల్‌కు మేలే చేసేది. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర, కొలెస్ట్రాల్ విషయంలో ఉన్నవాటిలో సాధువు. టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ స్వయంగా కొవ్వును కాస్త తగ్గిస్తుంది. కానీ డోల్యుటెగ్రావిర్ మీద బరువు పెరుగుతుంది, ముఖ్యంగా ఆడవాళ్లలో. ఎఫావిరెంజ్ నుంచి టీఎల్‌డీకి మారాక లిపిడ్ రిపోర్టు బాగుపడి, నడుము మాత్రం లావెక్కుతున్న వాళ్లున్నారు. రిపోర్టు చూసి సంతోషించి టేపు తీయకపోతే అసలు సంగతి జారిపోతుంది.

అసలు చిక్కు రెండో వరుస మందులతో, అంటే మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే లోపినావిర్, అటాజనావిర్‌లతో. వాటి బలం పెంచడానికి రిటోనావిర్ కలిపి ఇస్తారు. రిటోనావిర్ కాలేయంలో కొవ్వు తయారీని పెంచుతుంది, రక్తంలోంచి కొవ్వు తొలగిపోయే వేగాన్ని తగ్గిస్తుంది. లోపినావిర్ వాడేవాళ్లు పూటకు రెండు మాత్రల చొప్పున రోజుకు నాలుగు వేసుకుంటారు, అందులో రిటోనావిర్ 200 మిల్లీగ్రాములు. అటాజనావిర్‌తో అది రోజుకు 100 మాత్రమే. ట్రైగ్లిజరైడ్లు లోపినావిర్ మీద ఎక్కువగా ఎగబాకడానికి ఇదీ ఒక కారణం. ఆ మార్పు వారాల్లోనే మొదలవుతుంది కాబట్టి మందు మార్చిన మూడో నెలలోనే పరీక్ష చేయాలి, ఏడాది ఆగితే కుదరదు. కిడ్నీ దెబ్బతిని టెనోఫోవిర్ తీసేసి అబాకావిర్ అనే మరో హెచ్ఐవీ మందు పెట్టినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. కొవ్వు తగ్గించే మందు పోయింది, పైగా అబాకావిర్‌కూ గుండెపోటుకూ ఉన్న సంబంధాన్ని డీఏడీ అధ్యయనం 2008లోనే బయటపెట్టింది. గుండెజబ్బు ఉన్న మనిషికి అబాకావిర్ రాసేముందు నిపుణుల ప్యానెల్‌ను ఒక మాట అడగడం మంచిది.

ఇది చదివి ఎవరూ మందు ఆపే ఆలోచన చేయకూడదు. 2006లో వచ్చిన స్మార్ట్ అధ్యయనం 5,472 మందిని గమనించింది. మందులు ఆపుతూ మళ్లీ మొదలుపెడుతూ వచ్చినవాళ్లలో గుండె సమస్యలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. అదుపులేని వైరస్ రక్తనాళాల గోడల్లో మంట రగిలిస్తుంది. కొలెస్ట్రాల్‌కు భయపడి ఏఆర్‌టీ ఆపడమంటే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఇక 2023 జులైలో వెలువడిన రిప్రీవ్ అనే అధ్యయనం ఫలితాలు. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అవే. 12 దేశాల్లో, మన దేశంతో సహా, 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 7,769 మంది హెచ్ఐవీ పేషెంట్లు అందులో ఉన్నారు. అందరూ ఏఆర్‌టీ మీద ఉన్నవాళ్లే, లెక్కల ప్రకారం గుండె ముప్పు తక్కువ నుంచి మధ్యస్థంగా ఉన్నవాళ్లే. సగానికి రోజుకు 4 మిల్లీగ్రాముల పిటావాస్టాటిన్ అనే స్టాటిన్, సగానికి ఉత్తుత్తి మాత్ర. ఐదేళ్లకు పెద్ద గుండె సమస్యలు స్టాటిన్ వేసుకున్నవాళ్లలో 35 శాతం తగ్గాయి. ప్రయోజనం స్పష్టంగా కనిపించడంతో అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు. అసలు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. వాళ్ల సగటు ఎల్‌డీఎల్ 108 దగ్గర మాత్రమే. చాలా ల్యాబ్ రిపోర్టుల్లో నార్మల్ అని అచ్చు పడే అంకె అది. అంటే ‘మీ కొలెస్ట్రాల్ బాగానే ఉంది, మాత్ర అక్కర్లేదు’ అని మనం ఇన్నాళ్లూ చెప్తున్న మాట హెచ్ఐవీ ఉన్న నలభై దాటినవాళ్లకు పనికిరాదు. మందు ఇవ్వడానికి ఒక్క కొలెస్ట్రాల్ అంకె మీద ఆధారపడకూడదు, వయసూ మొత్తం ముప్పూ చూడాలి.

నష్టం లేదని కాదు. స్టాటిన్ వాడినవాళ్లలో కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు 5.3 శాతం, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 4 శాతం. కండరాల నొప్పులూ కొంచెం ఎక్కువే. షుగర్ ముంగిట్లో ఉన్నవాళ్లు మనకు తక్కువేం కాదు కాబట్టి స్టాటిన్ మొదలుపెట్టేముందు ఒక షుగర్ పరీక్ష, ఆ తర్వాత ఏడాదికోసారి మళ్లీ.

పిటావాస్టాటిన్ ఖరీదు ఎక్కువ, ప్రభుత్వ ఆసుపత్రుల సరఫరాలో దాని కోసం చూస్తూ కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి. 2024లో అమెరికా మార్గదర్శకాలు దానితోపాటు అటార్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములనూ, రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములనూ ఒప్పుకున్నాయి. అటార్వాస్టాటిన్ మన అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నదే, షుగర్, బీపీ క్లినిక్కుల్లో ఇస్తున్నదే. ఏఆర్‌టీ సెంటర్‌కు దాన్ని కేటాయించడానికి కొత్త టెండర్ పిలవాల్సిన పని కూడా ఉండకపోవచ్చు, ఒక ఇండెంట్ (మందులు పంపమని కోరే పత్రం) చాలు.

కానీ ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఆ ఒక్క పేజీ కావాలంటున్నాం. రిటోనావిర్ కాలేయంలోని సీవైపీ 3ఏ4 అనే ఎంజైమ్‌ను కట్టిపడేస్తుంది. సిమ్‌వాస్టాటిన్, లోవాస్టాటిన్ అనే స్టాటిన్లను ఖర్చు చేసేది ఆ ఎంజైమే. అది పనిచేయకపోతే వాటి మోతాదు రక్తంలో ఎన్నో రెట్లు పేరుకుని కండరాలు కరిగిపోతాయి, మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది, కిడ్నీలు ఆగిపోతాయి. అటాజనావిర్ మీదో లోపినావిర్ మీదో ఉన్నవారికి ఈ రెండూ పూర్తిగా నిషిద్ధం. అటార్వాస్టాటిన్‌కూ అదే దారి, కాకపోతే తీవ్రత తక్కువ. వారికి 10తో మొదలుపెట్టి 20 దాటకూడదు. రోసువాస్టాటిన్ అయితే 5తో మొదలు, 10తో ఆఖరు. టీఎల్‌డీ మీద ఉన్నవారికి ఈ గొడవేమీ లేదు, నేరుగా అటార్వాస్టాటిన్ 20 ఇవ్వవచ్చు. ఎఫావిరెంజ్ మీద ఇంకా మిగిలినవారికి సమస్య తిరగబడుతుంది, ఆ మందు అటార్వాస్టాటిన్‌ను వేగంగా ఖర్చు చేయించి దాని పనిని తగ్గిస్తుంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కూడా అంతే. గర్భం కోరుకునేవారికి స్టాటిన్ వద్దు.

ఇదే కారణానికి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మోకాళ్ల నొప్పికి వేసే ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్ గురించి కూడా ఆ పేజీలో ఒక వాక్యం ఉండాలి. రిటోనావిర్ ఆ స్టెరాయిడ్‌ను ఒంట్లోంచి పోనివ్వదు. ముఖం ఉబ్బుతుంది, షుగర్ ఎక్కుతుంది, కొవ్వు లెక్కలు చెదురుతాయి, అప్పుడు అందరూ నిందించేది ఏఆర్‌టీనే.

మాత్ర మొదలుపెట్టాక తప్పుదారి పట్టించేవి రెండున్నాయి. అటాజనావిర్ వాడేవారి కళ్లు పచ్చబడటం మామూలే. స్టాటిన్ మొదలుపెట్టిన నెలలో అది కనిపిస్తే కాలేయం దెబ్బతిందని కంగారుపడి స్టాటిన్ ఆపేస్తుంటారు. కాలేయం దెబ్బతింటే పెరిగే ఏఎల్‌టీ మామూలుగా ఉండి, పచ్చబడేలా చేసే ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ మాత్రమే పెరిగితే అది అటాజనావిర్ పని, స్టాటిన్‌కు సంబంధం లేదు. రెండోది కండరాల నొప్పి. జిడోవుడిన్ అనే హెచ్ఐవీ మందు కూడా కండరాలను దెబ్బతీస్తుంది, థైరాయిడ్ తగ్గినా నొప్పులొస్తాయి, ఎల్‌డీఎల్ కూడా పెరుగుతుంది. అందుకని నొప్పి అన్నవారికి సీకే (కండరాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) రెండూ చూడాలి. నొప్పి లేనివారందరికీ సీకే చేయించడం దండగ.

రక్తం తీసే దగ్గర కూడా కొన్ని సంగతులున్నాయి. వైరల్ లోడ్‌కు రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబు, లిపిడ్‌కు గడ్డకట్టనిచ్చే సీరం ట్యూబు. ఒకే సూది, రెండు ట్యూబులు, సీరం ట్యూబు ముందు నింపాలి. పట్టీ బిగించి నిమిషం దాటితే రక్తం చిక్కబడి అంకెలు పెరుగుతాయి, అందువల్ల నరం దొరికేదాకా బిగించి ఉంచొద్దు. పరగడుపున రావాలా అనేది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. మొదటిసారి చూడటానికి అక్కర్లేదు. మొత్తం కొలెస్ట్రాల్‌నూ హెచ్‌డీఎల్‌నూ తిండి పెద్దగా మార్చదు. తిన్నాక తీసిన ట్రైగ్లిజరైడ్లు 400 దాటితేనే పది పన్నెండు గంటల ఉపవాసంతో మళ్లీ రమ్మనాలి. మొదటి బస్సుకు బయల్దేరి పదకొండింటికి చేరే మనిషిని అందరితోపాటు పరగడుపున కూర్చోబెట్టడం వల్ల సాధించేదేమీ లేదు. ఉపవాసానికి రమ్మన్న రోజు అటాజనావిర్‌ను రక్తం తీశాక, టిఫిన్‌తో వేసుకోమని చెప్పాలి, అది ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదు. జ్వరంతోనో టీబీతోనో ఉన్నప్పుడు తీస్తే ఎల్‌డీఎల్ దొంగ తక్కువ చూపిస్తుంది, కోలుకున్నాకే తీయాలి.

రిపోర్టు చదవడంలో ఒక మోసం ఉంది. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను కొలవరు, లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తారు. రెండో వరుస మందుల మీద మొత్తం కొలెస్ట్రాల్ 230, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 350 ఉన్న మనిషిని తీసుకుందాం. ఎల్‌డీఎల్ 125 అని వస్తుంది. 130 లోపే కదా అని పక్కన పెట్టేస్తాం. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేస్తే వచ్చేది 195. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు, దాని హద్దు 160. రక్తనాళాల్లో పేరుకునే కొవ్వంతా ఈ అంకెలో ఉంటుంది, తిన్నా తినకపోయినా మారదు, ట్రైగ్లిజరైడ్లు 400 దాటి ఎల్‌డీఎల్ లెక్క పనిచేయనప్పుడు కూడా నిలబడుతుంది. పేషెంట్ల వివరాలు ఎక్కించే సోచ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఒక లిపిడ్ గడి కలపగలిగితే అది నాన్ హెచ్‌డీఎల్ గడి కావాలి.

ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే లెక్క మారుతుంది. గుండె కంటే ముందు క్లోమానికి ముప్పు. అప్పుడు ట్రైగ్లిజరైడ్లను తగ్గించే ఫెనోఫైబ్రేట్ ఇవ్వాలి. అదే జాతికి చెందిన జెమ్‌ఫైబ్రోజిల్‌ను స్టాటిన్‌తో కలపకూడదు, అదీ కండరాలను కరిగించే జోడీయే. ఫెనోఫైబ్రేట్‌తో ఇంకో తలనొప్పి, అది కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్‌ను కాస్త పెంచుతుంది. డోల్యుటెగ్రావిర్ కూడా కిడ్నీకి నష్టం చేయకుండానే ఆ అంకెను పెంచుతుంది. నిజంగా కిడ్నీని దెబ్బతీయగలిగేది టెనోఫోవిర్. మూడూ ఒకే మనిషిలో ఉంటే క్రియాటినిన్ పెరిగిందని ఏది ఆపాలో తేల్చుకోవడానికి ముందునాటి అంకె కావాలి, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కావాలి. అందుకే ఫెనోఫైబ్రేట్ మొదలుపెట్టే రోజే ఈ రెండూ రాసిపెట్టమంటున్నాం. లోపినావిర్ మీద ట్రైగ్లిజరైడ్లు ఇంతగా పెరిగితే మాత్ర మీద మాత్ర వేయడం కంటే మందు మార్పు కోసం రాష్ట్ర నిపుణుల ప్యానెల్‌కు పంపడం మేలు. వైరల్ లోడ్ అదుపులో ఉండాలి, పాత వైఫల్యాల చరిత్ర ఫైల్లో ఉండాలి, హెపటైటిస్ బి ఉంటే టెనోఫోవిర్ చేజారకూడదు.

కౌన్సెలింగ్ మాటల్ని కూడా మార్చాలి. 2004లో ఎముకల గూడులా వచ్చిన మనిషికి బాగా తిను, బరువు పెరుగు అని చెప్పాం. సరిగ్గా చెప్పాం. ఇరవై ఏళ్లయినా అదే మాట ఇంకా నడుస్తోంది. ఇప్పుడు నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త చెప్పాలి. ట్రైగ్లిజరైడ్లు పెరిగినవారికి నూనె మానేయండి అని చెప్పి పంపేస్తారు, కానీ వాటిని ఎక్కువగా పెంచేది మూడు పూటలా తెల్లన్నం, చక్కెర టీలు, మద్యం. కల్లు కూడా మద్యమే. నూనె విషయంలో మనిషికి నెలకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు అని లెక్క చెప్తే ఇంట్లో వండే మనిషికి అర్థమవుతుంది, ‘కొవ్వు తగ్గించండి’ అంటే అర్థం కాదు. అన్నిటికంటే ముందు బీడీ, చుట్ట, సిగరెట్. ఏ స్టాటిన్ చేసే మేలునైనా అవి మింగేస్తాయి.

చివరగా, ఈ పరీక్షనూ మాత్రనూ వేరే క్లినిక్కుకు పంపకుండా ఏఆర్‌టీ సెంటర్‌లోనే ఎందుకు అడుగుతున్నామో. జనరల్ ఓపీ క్యూలో ఏఆర్‌టీ సెంటర్ ముద్రతో ఉన్న చీటీ పట్టుకుని నిలబడటమంటే ఊరందరికీ చెప్పుకోవడమే. అందుకే చాలామంది ఆ చీటీని బస్టాండులో చింపేస్తారు, లేదంటే హెచ్ఐవీ సంగతి దాచి బయట డాక్టర్ దగ్గర సిమ్‌వాస్టాటిన్ రాయించుకుంటారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. శాంపిల్ బయటి ల్యాబుకు వెళ్లాల్సి వస్తే పేరుకు బదులు కోడ్ నంబరు, సెంటర్ పేరుకు బదులు ఆసుపత్రి పేరు ఉండాలి. ఊళ్లకు దగ్గర్లో మందులు అందించే లింక్ ఏఆర్‌టీ సెంటర్లకు వెళ్లే మూడు నెలల మందుల సంచిలోనే 90 స్టాటిన్ మాత్రలు కూడా వెళ్లాలి. ఏఆర్‌టీ ఒక తేదీన, స్టాటిన్ ఇంకో తేదీన అయిపోతే రెండోదాని కోసం ఎవరూ ప్రత్యేకంగా బస్సెక్కరు.

మొదలుపెట్టడానికి రెండో వరుస మందుల మీద ఉన్నవారందరినీ, టీఎల్‌డీ మీద నలభై దాటినవారిలో బీపీ, షుగర్, పొగతాగే అలవాటు ఏ ఒక్కటైనా ఉన్నవారిని ముందు తీసుకోండి. స్టాటిన్ మొదలైన మూడు నెలలకు, అంటే మందుల కోసం ఎలాగూ వచ్చే తేదీకే, ఒక లిపిడ్, ఒక ఏఎల్‌టీ. నాన్ హెచ్‌డీఎల్ కనీసం మూడో వంతు తగ్గకపోతే మోతాదు పెంచే ముందు మాత్రల డబ్బా తెచ్చి చూపించమనండి. వచ్చే త్రైమాసిక ఇండెంట్‌లో అటార్వాస్టాటిన్ 10, 20, రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాముల మాత్రలు చేర్చి, సీరం ట్యూబుల సంఖ్యను వైరల్ లోడ్ ట్యూబులతో సమానం చేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
ఏఆర్‌టీ సేవల్లో ఉన్న కొందరు వైద్యులు, ఫార్మసిస్టులు, కౌన్సెలర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు